పదిహేడో చుక్క

ఎదురింటి కుట్టుమిషనావిడ అందట: మా వదిన ఆస్పత్రుల ఎక్స్‌రేలన్నీ ఇంటికే తెప్పించుకుని చూస్తుందట, వీధిలో ఎవరి ఒంట్లో ఏముందో అందరికంటే ముందు ఆమెకే తెలిసిపోతుందట. ఈ మాట నా దాకా మోసుకొచ్చినవాడు పాలాయన. "మీ వదిన నా వంక చూస్తే గుండె జారిపోతోందయ్యా, లోపల ఏం కనపడిందో ఏమో" అన్నాడు క్యాను దించుతూ.

"పాలల్లో నీళ్ళు కనపడి ఉంటాయి" అన్నాను.

అప్పటికి ఎండలు ఇంకా తగ్గలేదు. నవ్వుకోడానికి మాకు తీరిక ఉన్న రోజులవి. ఆ ఏడు వానాకాలం మొదలయ్యేటప్పుడు మా ఇంట్లో నలుగురం ఉన్నాం. వానలు తగ్గుముఖం పట్టేసరికి ముగ్గురం మిగిలాం. ఆ ముగ్గురమైనా ఒక కప్పు కింద ఎన్నాళ్ళుంటామో తెలియని స్థితికి వచ్చాం.

మా ఇంటి ముందుభాగం రేకుల షెడ్డు. కాలిపోయిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టడం అన్నయ్యకూ నాకూ పని. నీళ్ళ పంపులు, ఫ్యాన్లు, పిండిమర మోటార్లు. మాడిన రాగితీగ పీకేసి, తీగ కూర్చునే ఇనుప గాళ్ళలో కరెంటు పాకకుండా పసుప్పచ్చ కాగితం కత్తిరించి పరిచి, కొత్త తీగ చుట్టి లోపల కూర్చి, వార్నిషులో ముంచి ఆరబెడతాం. ప్రతి మోటారుకీ ఒక అట్టముక్క కట్టి నంబరు వేయడం నా వంతు. నేను పని నేర్చుకునే రోజుల్లో అన్నయ్య ఒక్కటే పాఠం చెప్పాడు. "చుట్ల లెక్క తప్పితే దాచకురా, విప్పెయ్. వార్నిషు పోసేశావంటే పైకి ఎవడికీ తెలియదు. తిరగడం మొదలెట్టాక మాత్రం అక్కడే కాలుతుంది."

షెడ్డు దాటితే నడిమిగది. అక్కడ వదిన బల్ల, దాని మీద రెండు కంప్యూటరు తెరలు. వెనక వంటిల్లు, అది అమ్మ రాజ్యం.

కుట్టుమిషనావిడ మాట విసిరి ఊరుకునే రకం కాదు. ఒక పొద్దున తన మోకాలి ఫిల్ము కవరులో పెట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. వదినకు మొహమాటం ఎక్కువ. కాదనలేక ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి కాసేపు చూసింది.

"నాకు ఎముకలు తెలియవండీ" అంది చివరికి.

"ఊరికే చూడమనడం లేదమ్మా. నీకో జాకెట్టు కుట్టిపెడతాలే."

"అది కాదండీ. నేను చూసేవి మనుషులవి కావు. ఆకాశంలోవి."

"ఆకాశానికేం రోగం?"

షెడ్డులో అన్నయ్య పగలబడి నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో దగ్గులోకి తిరిగి, ఎంతసేపటికీ ఆగలేదు. ఎవరం పట్టించుకోలేదు. వార్నిషు పనివాడు దగ్గకపోతేనే వింత. కుట్టుమిషనావిడ ఫిల్ము తీసుకుని గడప దిగుతూ, "చెప్పడం ఇష్టం లేకపోతే లేదనొచ్చుగా, ఆకాశం దాకా ఎందుకూ" అని గొణుక్కుంటూ పోయింది.

నిజానికి వదిన పని మాకు మాత్రం ఏం తెలుసు? భోజనాల దగ్గర ముద్ద ముద్దకీ కాస్త చొప్పున ఆమే చెప్పింది. ఎక్స్‌రేలు ఆకాశంలోంచీ వస్తాయట. మన గాలి వాటిని నేల దాకా రానివ్వదట. అందుకని గాలి లేనంత పైకి ఒక టెలిస్కోపును పంపారు. మన పాలపుంతకు దగ్గర్లో ఒక మరుగుజ్జు నక్షత్రమండలం ఉంది. పాలపుంత మహానగరమైతే అది పొలిమేరలో నాలుగు గుడిసెలు. దగ్గరంటే మళ్ళీ మన దగ్గర కాదు. అక్కడ బయలుదేరిన వెలుగు ఇక్కడికి చేరడానికి రెండున్నర లక్షల ఏళ్ళు పడుతుంది. ఆ టెలిస్కోపు మూడు వారాలకొకసారి, పది గంటల చొప్పున, మొత్తం ఎనిమిదిసార్లు ఆ గుడిసెల వైపు చూస్తుంది. అందులో పడ్డ ఎక్స్‌రే చుక్కలన్నిటికీ జాబితా రాయాలి. తలోచోట కూర్చుని ఆ పని చేసేవాళ్ళు ఆరుగురు. వాళ్ళలో వదిన ఒకతె.

చిక్కేమిటంటే, ఆ వైపు కనపడ్డ చుక్కలన్నీ ఆ మండలానివి కావు. కొన్ని దానికి ఎంతో వెనక, ఊహకందనంత దూరంలో ఉన్నవి. కొన్ని మన ముందే అడ్డం వచ్చినవి. వదిన నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీసుకుంది. ఒక గడి పైన 'ఇంటివాళ్ళు', ఒకదాని పైన 'వెనకింటివాళ్ళు', ఒకదాని పైన 'దారినపోయేవాళ్ళు' అని రాసుకుంది.

"మొత్తం ఎన్ని దొరికాయి?" అంది అమ్మ.

"ఎనభై తొమ్మిది అత్తయ్యా."

"అందులో ఇంటివాళ్ళు?"

"ఇప్పటికి నలుగురు తేలారు."

"మనలాగే" అంది అమ్మ, కూర వడ్డిస్తూ.

అన్నయ్యకు లెక్కలంటే ఇష్టం. ఒక్కో చుక్కకీ పది గంటల్లో ఎన్ని ఎక్స్‌రే రేణువులు పడ్డాయని అడిగేవాడు. కొన్నిటికి తొమ్మిది అంది వదిన. "తొమ్మిది గింజలు లెక్కపెట్టడానికా అంత యంత్రాన్ని పైకి మోశారు? నన్నడిగితే చేత్తో లెక్కపెట్టి అట్ట కట్టేవాడిని" అన్నాడు. మరో రోజు, ఆ ఇంటివాళ్ళు అసలు ఎందుకలా వెలుగుతారని అడిగాడు. ఒకటి చచ్చిపోయిన నక్షత్రం, పక్కనే దాని జోడీ బతికే ఉంటుంది, చచ్చింది బతికున్నదాన్ని కొంచెం కొంచెం లాక్కుంటుంది, ఆ లాక్కోవడంలో పుట్టే మంటే ఎక్స్‌రే అని చెప్పింది వదిన.

"చచ్చినా పీడించడం మానలేదన్నమాట. అచ్చం మీ మామగారే" అంది అమ్మ.

ఆ చుక్కల్లో పదిహేడో నంబరుది వేరే కథ. మొదటిసారి చూసినప్పుడు నలభై రేణువులతో నిండుగా ఉంది. రెండోసారి చూస్తే సున్నా. అది ఇంటిదో కాదో తేలాలంటే మళ్ళీ వెలగాలి, వెలిగిన రోజునే పట్టుకోవాలి. పట్టుకుంటే వెంటనే ఇంకోసారి చూడమని టెలిస్కోపువాళ్ళను అడగొచ్చు. రెండోసారి లెక్క వచ్చిన రోజు మధ్యాహ్నం వదిన కంచం ముందు కూర్చుందన్నమాటేగానీ చూపంతా తెర మీదే.

"అన్నం చల్లారిపోతోంది. ఆ చుక్కలెక్కడికి పోతాయి, తిని చూసుకో" అంది అమ్మ.

వదిన నవ్వింది. "చుక్కలు ఆగవు అత్తయ్యా. ఇప్పుడు చూడకపోతే మళ్ళీ కనపడదు" అని ఎడంచేత్తో కంచం పట్టుకుని బల్ల దగ్గరికి పోయింది.

అన్నయ్య ఆమె వెళ్ళిన వైపే చూస్తూ తిన్నాడు. ఆ ఒక్క ముక్కా అతని బుర్రలో అంత లోతుగా దిగిందని అప్పుడు నాకు తెలియదు.

తర్వాత వారం రోజులకు, మొదటి వాన పడబోతుందనగా, షెడ్డులో మోటారు ఎత్తబోయి అన్నయ్య చతికిలబడ్డాడు. ఊపిరి అందలేదు. నేనే స్కూటరు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాను. కౌంటరు దగ్గర కవరు మీద పేరూ వయసూ ఫోను నంబరూ రాయమంటే నేనే రాశాను. డాక్టరు ఫిల్మును దీపాల పెట్టెకు తగిలించి, కుడి ఊపిరితిత్తిలో ఒక తెల్లటి మచ్చ మీద పెన్ను మూత పెట్టి చూపించాడు. "ఈ వారమే పెద్దాసుపత్రికి వెళ్ళండి. వచ్చేవారం అనకండి" అన్నాడు.

బయటికొచ్చాక అన్నయ్య స్కూటరు ఎక్కలేదు. ఆ కవరు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"మీ వదినకి చెప్పకు."

"అదేంట్రా అన్నయ్యా, డాక్టరు ఏమన్నాడో విన్నావుగా."

"విన్నాను. చెబితే ఏం చేస్తుంది? అన్నీ వదిలేసి ఆస్పత్రి బెంచీ మీద కూర్చుంటుంది. ఏడేళ్ళ పైగా ఎదురుచూసింది దీనికోసం. ఇంకా ఆరుసార్లు చూడాలిట. మోటారు ఎల్లుండి చుట్టొచ్చురా. చుక్కలు ఆగవు."

"మరి నీ మచ్చ ఆగుతుందా?"

"ఈ మచ్చ ఎప్పటినించో ఉండుంటుంది. ఇన్నాళ్ళు ఆగింది, ఇంకో నాలుగు నెలలు ఆగదా" అన్నాడు. అని, తనే తెచ్చిపెట్టుకున్న నవ్వు నవ్వాడు. "నా మీద ఒట్టు" అన్నాడు.

చదువుకున్నవాణ్ణే నేను. కాలేజీ మెట్లెక్కి దిగినవాణ్ణే. అయినా చిన్నప్పటినించీ అన్న చెప్పిందే వేదం. ఒట్టంటే ఒట్టే. ఆ కవరు షెడ్డులో పసుప్పచ్చ కాగితాల కట్ట మధ్యలో పెట్టాను. కొలతకు కొలత సరిపోయింది. చూసినవాడెవడికీ అనుమానం రాదు.

ఆ తర్వాత వానలు. రేకుల మీద ఆ మోతలో దగ్గు వినపడేది కాదు. వదిన మాత్రం వింటూనే ఉంది. వార్నిషు పొగకు ముక్కుకు గుడ్డ కట్టుకోమని తగువు పెట్టుకుంది. నాచేత మాస్కులు కొనిపించింది. ఒకనాడు నేను పంపు మోటారుకు తీగ చుడుతుంటే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"చిన్నా, మీ అన్నయ్య చిక్కిపోతున్నాడా, నాకే అలా కనపడుతోందా?"

"వానలొస్తే వాడెప్పుడూ అంతే వదినా. తిండి సయించదు."

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళరాదూ. నేను చెబితే వినడం లేదు. నువ్వు చెబితే వింటాడు."

"సరేలే, ఈ వారం తీసుకెళ్తా" అన్నాను. ఆమె లోపలికి వెళ్ళాక చూసుకుంటే నాకు చుట్ల లెక్క తప్పింది. విప్పలేదు. అలాగే చుట్టేసి వార్నిషులో ముంచాను. ఆ మోటారు పది రోజుల్లో కాలిపోయి మా గుమ్మానికే తిరిగొచ్చింది. అన్నయ్య దాన్ని విప్పి, చుట్లు లెక్కపెట్టి, నా మొహంలోకి చూసి, తనే మళ్ళీ చుట్టాడు. నాలుగు చుట్లకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటూ.

మూడోసారి పదిహేడు సున్నా. నాలుగోసారి సున్నా. లెక్క వచ్చిన ప్రతి రోజూ అన్నయ్య చేతులు తుడుచుకుంటూ నడిమిగది గుమ్మంలోకి వెళ్ళి అడిగేవాడు.

"పదిహేడు ఎలా ఉంది?"

"లేదు."

"వస్తుందిలే. ఇంటిదైతే ఎక్కడికి పోతుంది."

ఐదు, ఆరు కూడా సున్నాలే. ప్రతిసారీ వెనక్కి వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుని, నాకు వేళ్ళు చూపించేవాడు. ఇంకా మూడు. ఇంకా రెండు. ఆ వేళ్ళు సన్నబడ్డాయి. ఉంగరానికి తీగ చుట్టి బిగించుకున్నాడు. నేను రెండుసార్లు నోరు తెరవబోయాను. రెండుసార్లూ అతను 'నా మీద ఒట్టు' అన్న మాట గుర్తుచేశాడు. బలవంతం చేయలేదు. ఊరికే గుర్తుచేశాడు.

ఏడోసారి లెక్క వచ్చిన రోజు వాన లేదు. వీధిలో ఎండ తళతళలాడుతోంది. వదిన నడిమిగదిలోంచి, "వచ్చింది" అంది. అరవలేదు. మామూలుగానే అంది. ఆ గొంతు విని ముగ్గురం ఆమె బల్ల దగ్గరికి చేరాం. తెర నిండా నల్లగా ఉంది, మధ్యలో ఒకచోట గుప్పెడు తెల్లటి నలకలు.

"ఎన్ని?" అన్నాడు అన్నయ్య.

"నూట పన్నెండు."

"ఇంటిదేనా?"

"ఇంటిదే అనిపిస్తోంది. ఇంకోసారి చూడమని ఇప్పుడే రాస్తాను. వాళ్ళు రెండు వారాల్లో చూస్తే తేలిపోతుంది."

అన్నయ్య గోడకు ఆనుకుని నవ్వాడు. అమ్మ కూడా ఏమీ అర్థం కాకుండానే నవ్వింది. అతనికి దగ్గొచ్చింది. మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. తీసి, చూసి, మడత లోపలివైపుకు తిప్పుకున్నాడు. వదిన మాకు వీపు పెట్టి ఉత్తరం రాస్తోంది. నాకు మాత్రం కనపడింది.

షెడ్డులోకి వచ్చాక అన్నాను. "ఇంక చాలురా అన్నయ్యా. ఇవాళ చెప్పేద్దాం."

"రెండు వారాలన్నది విన్నావుగా" అన్నాడు.

అతనికి రెండు వారాలు లేవు. ఐదో రోజు పొద్దున పళ్ళు తోముకుంటూ కుప్పకూలాడు. పెద్దాసుపత్రిలో తొమ్మిది రోజులున్నాడు. మొహానికి ఆక్సిజను గొట్టం తగిలించారు, మాట లేదు. మొదటి రోజే అక్కడి డాక్టరు మా ముగ్గురినీ వరండాలో నిలబెట్టి అడిగాడు.

"ఇంతకుముందెప్పుడైనా ఎక్స్‌రే తీయించారా?"

"లేదండీ" అంది వదిన.

నేను పక్కనే ఉన్నాను. లోపల అన్నయ్య కళ్ళు తెరిచే ఉన్నాయి, అద్దంలోంచి కనపడుతున్నాయి. నేను నేలవంక చూశాను.

"నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే మందులు పనిచేసేవేమో" అన్నాడు డాక్టరు. ఆ మాట అమ్మ చెవిన పడింది. అమ్మ చెవిన పడ్డ మాట ఇక బయటికి పోదు.

అన్నయ్య పోయిన రెండో వారానికి కుట్టుమిషనావిడ మాట మళ్ళీ మా ఇంటికొచ్చింది. ఈసారి పాలాయన చెప్పడానికి సందేహించాడు. చెప్పకుండా ఉండలేకా పోయాడు. లోకంలో అందరి ఎక్స్‌రేలూ చూసే మనిషికి మొగుడి గుండెల్లో ఏముందో కనపడలేదా, దీపం కిందే చీకటి అంటే ఇదేనమ్మా అందట. అమ్మ వంటింటి కిటికీ దగ్గరే ఉంది. వింది. పాలగిన్నె మూత పెట్టి లోపలికి పోయింది.

అప్పటినించి వదినతో మాట మానేసింది. ఆమె వంటింట్లోకి వస్తే తను పెరట్లోకి వెళ్ళేది. వారం చూసి ఒక మధ్యాహ్నం నాతో అంటున్నట్టుగా, నడిమిగదికి వినపడేట్టుగా అంది.

"పక్కనే మనిషి కరిగిపోతుంటే ఆకాశం చూస్తూ కూర్చున్న మనిషికి మనతో ఏం పనిరా? వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళమను. ఆ తెరలు ఈ ఇంట్లో ఉండగా నాకు ముద్ద దిగదు."

ఎనిమిదోసారి లెక్క వచ్చి పడి ఉంది, వదిన తెరవలేదు. మర్నాటినించి పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దడం మొదలుపెట్టింది. నేను ఆ పెట్టెలకు తాడు కట్టాను. కట్టినంతసేపూ నా నాలుక చివర మాట ఉంది. చెబితే అమ్మ ముందు అన్నయ్యను దోషిని చేసినట్టు. చెప్పకపోతే ఏ పాపం ఎరగని మనిషిని ఇంట్లోంచి నడిపించినట్టు. మగాణ్ణి, ముప్పై ఏళ్ళవాణ్ణి, తాడు ముడి బిగిస్తూ కూర్చున్నాను.

వదిన బయలుదేరే రోజు పొద్దున ఆటో చెప్పడానికి నేను వీధి చివరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అమ్మ షెడ్డులో ఉంది. అన్నయ్య పోయినప్పటినించి ఆ షెడ్డు రోజూ తనే ఊడుస్తోంది. ఆ రోజు తడిసిన పసుప్పచ్చ కాగితాలను ఎండలో వేద్దామని కట్ట విప్పిందట. అమ్మ చేతిలో కవరుంది. ఫిల్ము సగం బయటికొచ్చి ఉంది.

అమ్మ నన్ను చూడలేదు. నేరుగా నడిమిగదిలోకి పోయి, పెట్టెల మధ్య నిలబడ్డ వదిన ముందు దాన్ని పెట్టింది. నేను వెనకే వెళ్ళి గుమ్మంలో ఆగాను. ఇరవై రోజుల తర్వాత అమ్మ ఆమెతో మాట్లాడింది.

"ఇదెవరిది? ఎప్పటిది? నువ్వే దాచావా?"

వదిన ఫిల్మును తీసి కిటికీ వెలుగుకు ఎత్తింది, మోకాలి ఫిల్మును ఎత్తినట్టే. తెల్లటి మచ్చ దగ్గర ఆమె చూపు ఆగలేదు. మూలనున్న చిన్న అంకెల మీద ఆగింది. తేదీలూ వేళలూ చదవడం ఆమె రోజూ చేసే పని. చదివింది. ఇంకోసారి చదివింది. ఫిల్ము దించి కవరు చేతిలోకి తీసుకుంది. దాని మీద పేరు, వయసు, ఫోను నంబరు. షెడ్డులో వేలాడే అట్టముక్కలన్నిటి మీదా ఉన్న చేతిరాతే. నేను ఏడుకు అడ్డగీత గీస్తాను. వీధిలో ఇంకెవరూ గీయరు.

"వానలకు ముందు తీశారు" అంది. "ఈ ఏడు అంకె నీది, చిన్నా."

అమ్మ నా వంక తిరిగింది. బయట ఆటోవాడు రెండుసార్లు హారను కొట్టి ఊరుకున్నాడు.

"నేనే తీసుకెళ్ళాను వదినా" అన్నాను. "నేనే దాచాను. నీ పని అయ్యేదాకా నీకు చెప్పొద్దన్నాడు. ఒట్టు పెట్టించుకున్నాడు. నువ్వు అన్నీ వదిలేసుకుంటావని... చుక్కలు ఆగవన్నాడు."

అమ్మ పెట్టె మీద కూర్చుండిపోయింది. వదిన ఏడవలేదు. ఫిల్మును కవరులో పెట్టి, అంచులు సమంగా సర్ది, మడత నొక్కి, బల్ల మీద పెట్టింది. తర్వాత మా ఇద్దరి వైపూ తిరిగింది.

"అవి రెండున్నర లక్షల ఏళ్ళు నడిచి వచ్చాయి. వాటిని చూడ్డానికి నేను కాక ఇంకా ఐదుగురున్నారు. నాలుగు నెలలు ఆగవని మీకెవరు చెప్పారు?"